చెప్పి అమ్మడం

పాత వస్తువులను అంతర్జాలంలో అమ్మేవారు నలుగురు కలిస్తే చాలు, మాట కొనేవారి మీదికి మళ్ళుతుంది. గీచి గీచి బేరమాడేవారు, వస్తువు చేతికందాక లోపాలు ఎంచేవారు, అర్ధరాత్రి పది ఫొటోలు అడిగి తెల్లవారేసరికి మాయమయ్యేవారు - ఒక్కొక్కరి గురించి ఒక్కొక్క కథ. ఆ కథలు చాలావరకు నిజాలే. కానీ వాటి నుంచి మనవారు తీసే తీర్మానం మాత్రం నాకు సమ్మతం కాదు. "కొనేవాడిని మొదటి నుంచీ అనుమానంతోనే చూడాలి" అన్నది ఆ తీర్మానం. చిక్కుపెట్టే కొనుగోలుదారులందరూ ఒకే జాతి కారని, వారిలో ఎక్కువమందిని మన రాతలే తయారు చేస్తున్నాయని నా అభిప్రాయం.

మా మేనమామ గారు పోయిన తరువాత ఆయన సేకరించిన పాత పత్రికలు, పుస్తకాలు మా ఇంటికి చేరాయి. 1950ల, 60ల చందమామలు, వారపత్రికల దీపావళి సంచికలు, ఎమెస్కో పాకెట్ పుస్తకాలు, అట్టలు ఊడిన నాటకాలు. కొన్నిటికి రెండేసి, మూడేసి ప్రతులు ఉన్నాయి. అత్తయ్య గారి అనుమతితో ఆ అదనపు ప్రతులను కొన్నేళ్ళుగా అంతర్జాలంలో అమ్ముతున్నాను. ఇది నా వృత్తి కాదు. అయినా, ఒక మనిషి జీవితకాలం పోగుచేసినదాన్ని ఎవరి చేతిలో పెడుతున్నామన్నది చిన్న విషయం కాదు. అందువల్లనే ఈ సంగతిని గురించి కొంత ఆలోచించవలసి వచ్చింది.

హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారంనాడు కాలిబాట మీద పాత పుస్తకాలు కొన్నవారికి ఒక అనుభవం ఉంటుంది. పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంటాం. వెన్ను పట్టి చూస్తాం. చివరి పేజీ ఉందో లేదో తిప్పుతాం. చెదపురుగు ఎంతవరకు వెళ్ళిందో వేలితో తడుముతాం. అన్నీ అయ్యాక అమ్మేవాడు చెప్పిన ధరలో సగానికి అడుగుతాం. అక్కడ అమ్మేవాడు నోరు విప్పి ఏమీ చెప్పనక్కరలేదు, మన కళ్ళే చెబుతాయి. ఇంటికి వెళ్ళాక పేజీ లేదని తెలిస్తే తప్పు మనదే, చూసుకోలేదు గనుక.

అంతర్జాలంలో ఆ వెసులుబాటు లేదు. వరంగల్లులోనో, డాలస్‌లోనో కూర్చున్న మనిషికి నా పుస్తకాన్ని తడిమి చూసే వేలు లేదు. నేను రాసిన నాలుగు వాక్యాలు, తీసిన ఆరు ఫొటోలు - అవే అతని కళ్ళు. ఈ తేడాను మన చట్టం ఎప్పుడో గుర్తించింది. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో కొనేవాడే జాగ్రత్తపడాలన్న సూత్రం ఉంది, నిజమే. కానీ వర్ణన చెప్పి అమ్మినప్పుడు వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలన్న షరతు దానికంటే ముందు సెక్షన్‌లోనే, పదిహేనవదానిలో ఉంది. వర్ణన మాత్రమే చూసి డబ్బు కట్టిన మనిషికి "చూసుకుని కొనుక్కోవలసింది" అని చెప్పడం చట్టానికీ, న్యాయానికీ రెంటికీ నిలవదు.

ఇక కొనేవారి సంగతి. వారిని నేను మూడు తెగలుగా చూస్తాను.

మొదటివారు బేరగాళ్ళు. పాత చందమామకు ధర చెప్పగానే వీరి నుంచి వచ్చే మొదటి మాట: "స్కాను ప్రతి ఉచితంగానే దొరుకుతోంది కదండీ, దీనికి ఇంత ధరా?" దీన్ని అవమానంగా భావించే అమ్మకందారులు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం అది సమంజసమైన ప్రశ్నగానే తోస్తుంది. కథ కావలసినవాడు స్కాను ప్రతి చదువుకోవడమే మంచిదని నేనే చెబుతాను. నేను అమ్ముతున్నది కథను కాదు. ఆ ఏడాది, ఆ నెల, ఎవరి ఇంటికో తపాలాలో వచ్చి, ఎవరి పిల్లలో చదివి, ఇన్నేళ్ళు మిగిలిన కాగితాన్ని. అది కావాలనుకునేవాడికి ఆ ధర, వద్దనుకునేవాడికి నమస్కారం. ఇంత చెప్పాక కూడా బేరమాడితే ఆడనివ్వండి. బేరం మన బజారులకు కొత్త కాదు. ఎంతవరకు తగ్గగలనో ముందే మనసులో అనుకుని, ఒక్కసారి తగ్గి, అక్కడ ఆగిపోతాను. రెండోసారి అడిగితే అదే అంకె మళ్ళీ రాస్తాను. కోపం అక్కరలేదు. కోపంతో రాసిన జవాబు వల్ల ధర పెరిగిన దాఖలా నాకు కనబడలేదు.

రెండవవారు నిరాశ చెందినవారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. "పుస్తకం బాగుంది" అన్న మాటకు అమ్మేవాడి అర్థం ఒకటి, కొనేవాడి అర్థం మరొకటి. అరవై ఏళ్ళ పత్రికకు ఇది బాగున్నట్టే లెక్క అని మన ఉద్దేశం. కొనేవాడికి కళ్ళలో మెదిలేది కొట్లోంచి వచ్చిన కొత్త పుస్తకం. చౌకరకం కాగితాన్ని కొయ్యగుజ్జుతో చేస్తారు. అందులోని లిగ్నిన్ గాలికీ, వెలుతురుకూ మారుతూ కాగితాన్ని పసుపు చేస్తుంది, అందులోని ఆమ్లం దాన్ని పెళుసు చేస్తుంది. ఎంత భద్రంగా దాచినా ఆ మార్పు పూర్తిగా ఆగదు. కుట్టిన పిన్నులు తుప్పు పట్టి చుట్టూ గోధుమరంగు మరక వేస్తాయి. సంవత్సరం సంచికలన్నీ కలిపి బైండు చేయించినప్పుడు బైండరు అట్టలను తీసేసి, అంచులను కత్తిరించేస్తాడు. చదివే మనిషికి అది సౌకర్యమే. కానీ వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రం కోసమే కొంటున్న సేకర్తకు ఆ బైండుతో పని లేదు. "పూర్తి సంపుటం, బాగుంది" అని రాసి ముఖచిత్రాలు లేవన్న మాటను దాచిపెడితే, ఆ తరువాత వచ్చే గొడవకు కొనేవాడిని నిందించడం ఎలా?

అందుకే నా పద్ధతి ఇది. మంచి మాట ఒక్కటి కూడా రాయను. లోపాలు మాత్రమే రాస్తాను. ముందు అట్ట ఉందా, వెనుక అట్ట ఉందా, పేజీలు ఎన్ని ఉండాలి, ఎన్ని ఉన్నాయి, పురుగు తిన్న చోట అక్షరాలు పోయాయా, మార్జిను మాత్రమే పోయిందా, పిల్లల రంగు పెన్సిలు గీతలు ఏ పేజీలో, ఏ గ్రంథాలయం ముద్ర ఎక్కడ, ఎన్నవ ముద్రణ, నాఫ్తలీను వాసన ఉందా, లేదా. "తొలి ముద్రణ" అన్న మాటను ముద్రణ వివరాల పేజీ ఫొటో లేకుండా వాడను. ఇలా రాస్తే కొనేవారు తగ్గుతారని మిత్రులు హెచ్చరించారు. తగ్గుతారు. కానీ కొన్నవారు తిప్పి పంపరు. "ఇవన్నీ ముందే చెప్పారు గనుక నిశ్చింతగా కొంటున్నాను" అని రాసినవారు ఒకరిద్దరు కాదు.

ప్రశ్నలు అడిగేవారిని కూడా బాధించేవారి జాబితాలో చేర్చడం మనకు అలవాటు. ఒకావిడ ఒక్క చందమామ సంచిక గురించి రెండు రోజులపాటు అడుగుతూనే ఉన్నారు. లోపలి పేజీల్లో ఎవరైనా పేరు రాశారా, రాస్తే ఏ సిరాతో, పదవ పేజీలో బొమ్మకు మీసాలు గీసి ఉన్నాయా అని. చివరికి ఫోనులో సంగతి తెలిసింది. వాళ్ళ అన్నయ్య చిన్నప్పుడు దాచుకున్న పుస్తకాలు ఇల్లు మారినప్పుడు తూకానికి వెళ్ళిపోయాయట. ఆ అన్నయ్య ఇప్పుడు లేరు. పాత చందమామ ఎక్కడ కనబడినా ఆవిడ అతని చేతిరాత కోసం వెతుకుతున్నారు. నా దగ్గర ఉన్నది ఆ ప్రతి కాదు. ఆవిడ కొనలేదు. నాకు వచ్చినదేమీ లేదు, పోయినదీ లేదు. కానీ రెండో ప్రశ్నకే విసుక్కుని తలుపు వేసి ఉంటే నేను ఎవరి మీద వేసినట్టు? ప్రశ్న వెనుక ఏముందో మనకు తెలియదు. జవాబు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

మూడవవారు మోసగాళ్ళు. వీరు కొనేవారే కారు, కొనేవారి వేషం వేసుకున్నవారు. వస్తువు గురించి ఒక్క ప్రశ్నా అడగరు, బేరమాడరు, చెప్పిన ధరకు వెంటనే ఒప్పుకుంటారు. నా వరకు అదే మొదటి గుర్తు. తరువాత, "డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడు స్కాన్ చేసి మీ పిన్ను కొట్టండి" అంటారు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ను అవసరమే లేదు. పిన్ను కొట్టడమంటే మన డబ్బు వెళ్ళిపోవడమే. పాత నాణేలు, నోట్లు అమ్మే మిత్రులకు మరో రకం వల తగులుతుంది. మామూలు నాణేనికి లక్షలు ఇస్తామని చెప్పి, ముందుగా రిజర్వు బ్యాంకు పేరిట పన్ను, కమీషను కట్టమంటారు. తాము అటువంటి వ్యవహారాల్లో లేమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. ఇక మంచి ప్రతిని ఉంచుకుని, తమ దగ్గరున్న చిరిగిన ప్రతిని తిప్పి పంపేవారు కూడా ఉన్నారు. దీనికి పాత పుస్తకమే మనకు సాయం చేస్తుంది. తుప్పు మరక ఆకారం, పురుగు తొలిచిన దారి, మూలన పెన్సిలుతో వేసిన అంకె ఏ రెండు ప్రతుల్లోనూ ఒకేలా ఉండవు. ధర తగ్గించే లోపాలే ఆ ప్రతికి వేలిముద్రలు. పంపేముందు వాటిని ఫొటో తీసి ఉంచుకుంటే వాదన అవసరం ఉండదు.

మోసగాడితో వాదించకూడదు, నీతి చెప్పకూడదు, సమాధానమే ఇవ్వకూడదు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. నా అభ్యంతరమల్లా, మూడవవాడికి తగిన శిక్షను మొదటి ఇద్దరికీ వేయడం మీద. "ప్రశ్నలు వద్దు, బేరాలు వద్దు, వాపసు లేదు" అని పెద్ద అక్షరాలతో రాసిపెట్టేవారిని చూస్తుంటాం. ఆ బోర్డు మోసగాడిని ఆపదు, వాడికి ప్రశ్నలూ లేవు, బేరమూ లేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది బిడియస్తుడైన నిజమైన సేకర్త.

"మూడువందల రూపాయల పత్రికకు ఇంత శ్రమా?" అని అడగవచ్చు. లోపాల జాబితా ఒక్కసారి రాస్తే చాలు, పదిమంది అడగబోయే ప్రశ్నలకు అదే జవాబు. వాపసు విషయంలో కూడా నాకొక లెక్క ఉంది. రానుపోను స్పీడ్ పోస్టు ఖర్చు వస్తువు ధరకు దగ్గరగా ఉంటే, తిప్పి పంపమని అడగను. ఫిర్యాదు సబబైతే కొంత సొమ్ము వెనక్కి ఇచ్చి, పుస్తకం ఉంచుకోమంటాను. వర్ణనకు సరిపోని వస్తువును వాపసు తీసుకోనని మార్కెట్‌ప్లేసులో అమ్మేవారు అనకూడదని 2020 జూలైలో వచ్చిన ఇ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. క్రమం తప్పని వ్యాపారంగా కాక, సొంత వస్తువులను అప్పుడప్పుడు అమ్ముకునే వ్యక్తులకు ఆ నియమాలు వర్తించవు. వర్తించనంత మాత్రాన మర్యాద మారదు కదా! వర్ణనలో స్పష్టంగా చెప్పిన లోపాన్నే ఫిర్యాదుగా పంపినవారికి మాత్రం ఆ వాక్యాన్నే మళ్ళీ పంపుతాను, మరో మాట కలపను.

పాత పుస్తకం అమ్మడం ఒకరకంగా పిల్లనిచ్చి పెళ్ళి చేయడం వంటిది. దాచి చేసిన సంబంధం ఎన్నాళ్ళు నిలుస్తుందో అందరికీ తెలుసు. కొనేవాడు కఠినుడా, కాడా అన్నది మన చేతిలో లేదు. అతనికి మనం ఇచ్చే కళ్ళు చూపున్నవా, గుడ్డివా అన్నది మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. అమ్మేవారిలో మీ అనుభవం ఇందుకు భిన్నంగా ఉంటే వినాలని ఉంది. కొనేవారిలో మీరు ఉంటే, రెండు ప్రశ్నలు ఎక్కువే అడగండి. విసుక్కునేవాడి దగ్గర కొనకండి.