ఒక్క ఆటకే ఇంటికా?

క్రీడలమీద వ్యాసం అనగానే మన సావనీరులో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్టు తప్ప మరొకటి కనిపించదు. చదరంగం గురించి వ్రాస్తానంటే సంపాదకవర్గంలోని మిత్రుడొకడు "అది ఆట కాదురా, కూర్చోవడం" అన్నాడు. అయినా వ్రాస్తున్నాను. నేను చెప్పదలచింది చదరంగం గొప్పతనం కాదు. బడిపిల్లలకు మనవాళ్ళు ఆ పోటీలు జరిపే తీరు గురించి.

ఎనిమిదో తరగతిలో ఉండగా నేనొక మండలస్థాయి పోటీకి వెళ్ళాను. అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా పట్టుకొని ఆరింటి బస్సెక్కి, అందరికంటే ముందే అక్కడున్నాను. చీటీలు తీశారు. నా పేరు అంతకు ముందు ఏడాది గెలిచిన కుర్రాడిమీద పడింది. పదిహేను ఎత్తుల్లో ఆట కట్టు. "నువ్వింక వెళ్ళొచ్చు బాబూ" అన్నారు మాస్టారు. వెళ్ళడానికి మా ఊరి బస్సు సాయంత్రం ఐదింటికి గాని లేదు! రెండో రౌండు మొదలయ్యేసరికి సగం బోర్డులు ఖాళీ. నాలాగే ఓడిన ఇంకో పిల్లవాడితో ఒక ఖాళీ బోర్డు దగ్గర కూర్చోబోతే, "పావులు కదపొద్దు" అని గదమాయించారు. సాయంత్రం దాకా కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాం ఇద్దరమూ.

దీని పేరు నాకౌట్. లెక్క చూడండి. 32 మంది వస్తే 31 ఆటలతో విజేత తేలిపోతాడు. మొదటి రౌండు కాగానే 16 మంది ఇంటికి, రెండో రౌండు కాగానే మరో 8 మంది. అంటే 24 మందికి ఆ రోజంతటిలో దక్కేది ఒకటో రెండో ఆటలు. డ్రా అయితే మరీ విడ్డూరం. రూపాయి బిళ్ళ ఎగరేసి తేల్చడం నేను కళ్ళారా చూచాను.

మాది సాగర్ కుడికాలువ చివరి ఆయకట్టు. ఎగువ వాళ్ళు తడిపిన మడినే మళ్ళీ తడుపుతూంటే, మా నాన్న పార భుజాన వేసుకొని రాత్రుళ్ళు కాలువగట్టున కాపలా ఉండేవాడు. నాకౌట్ పోటీ చూస్తే నాకదే గుర్తుకొస్తుంది. బాగా ఆడేవాడికి ఐదు ఆటలు, నేర్చుకోవలసినవాడికి ఒక్కటి.

దీనికి మందు కొత్తగా కనిపెట్టనక్కరలేదు. అమెరికాలో చిన్న చిన్న క్లబ్బులు 'క్వాడ్' అనే పద్ధతిలో పోటీలు జరుపుతుంటాయి. వచ్చినవాళ్ళను బలాన్ని బట్టి వరుసలో పెట్టి, పైనుంచి నలుగురేసి చొప్పున గుంపులు చేస్తారు. గుంపులో ప్రతివాడూ మిగతా ముగ్గురితోనూ ఆడతాడు. మూడే రౌండ్లు, గుంపుకు ఆరు ఆటలు. 32 మందికి 8 గుంపులు, 48 ఆటలు. బోర్డులు మాత్రం అవే 16, మూడు రౌండ్లూ నిండుగా. ఒక్కొక్కరికి 25 నిమిషాలిస్తే రౌండు 50 నిమిషాలు దాటదు. తొమ్మిదిన్నరకు మొదలుపెడితే భోజనాల వేళకు అయిపోతుంది. చీకటి పడితే ఇంట్లో ఒప్పుకోరని పోటీలకే రాని ఆడపిల్లలకు ఇదెంత సదుపాయమో వేరే చెప్పాలా?

కంప్యూటరూ అక్కర్లేదు. మొదటి రౌండు 1–4, 2–3. రెండోది 4–3, 1–2. మూడోది 2–4, 3–1. ముందున్న అంకెకు తెల్లపావులు. ఆస్ట్రియా ఆటగాడు బెర్గర్ పేరుతో నూరేళ్ళకు పైగా వాడుకలో ఉన్న పట్టిక ఇది. గోడమీద సుద్దముక్కతో వ్రాసిపెట్టవచ్చు.

స్విస్ పద్ధతి ఉంది గదా అంటారు చదరంగం తెలిసిన మిత్రులు. ఉంది, మంచిదే. 1895లో జ్యూరిచ్‌లో మొదలైన ఆ పద్ధతిలో ఎవరినీ బయటికి పంపరు. కాని మొదటి రౌండులో పైసగాన్ని కిందిసగంతో కలుపుతారు. 60 మంది ఉంటే ఒకటోవాడికి 31వ వాడు. కొత్తగా వచ్చిన పిల్లవాడికి పొద్దున్నే దెబ్బ. పైగా ప్రతి రౌండుకూ కొత్త జతలు కట్టాలి. అవి తేలేదాకా పిల్లలంతా వరండాలో పడిగాపులు.

నలుగురి గుంపులకూ లోపాలు లేకపోలేదు. రేటింగులు లేని పల్లెబడి పిల్లల బలం ఎలా తెలుస్తుంది? మొదటిసారి పీఈటీ మాస్టారి అంచనాయే గతి. తప్పు జరుగుతుంది. గట్టివాడొకడు కింది గుంపులో పడి మూడూ గెలుస్తాడు. వాణ్ణి వచ్చేనెల పై గుంపులో వేయాలి. కాబట్టి ఏడాదికోసారి జరిపితే ఈ పద్ధతికి అర్థం లేదు, నెలనెలా జరగాలి. జిల్లాకు పంపే ఆటగాణ్ణి ఎంపిక చేయడానికి కూడా ఇది పనికిరాదు. కింది గుంపులో చిక్కుకున్నవాడికి అన్యాయం. ఆ పని స్విస్‌కే వదిలేద్దాం. 30 మంది వచ్చినప్పుడు ఆరు గుంపులు పోగా మిగిలిన ఆరుగురిని ఒకచోట చేర్చి మూడు రౌండ్లు ఆడిస్తే సరి.

ఫోన్‌లో ఆడుకోవచ్చు గదా అనేవాళ్ళూ ఉన్నారు. ఫోను నాన్నది, నాన్న పొలంలో. ఉన్నా గాని, ఓడిన తర్వాత "ఇక్కడ గుర్రం ఎందుకు తీశావురా?" అని ఎదుటివాడు అడగడం ఫోన్‌లో ఎక్కడుంది? 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరయిన కోనేరు హంపికి తండ్రి అశోక్ గారే గురువు. మా నాన్నకు గుర్రం ఎటు దూకుతుందో తెలియదు. మావంటి ఇళ్ళ పిల్లలకు ఆట దొరికేది పోటీలోనే. ఆ పోటీలో ఒక్క ఆటే పెడితే ఎలా?

మన హాస్టల్లో బల్లలకు కొదవలేదు. విద్యార్థి సంఘం 16 బోర్డులు, గడియారాలు చూడగలిగితే, చుట్టుపక్కల బడుల పిల్లలను నెలకొక ఆదివారం పిలుద్దాం. గెలిచినవాళ్ళకు కప్పులు వద్దు, గుంపుకొక లాంగ్ నోట్‌బుక్ చాలు. పట్టికలు నేను వ్రాసిపెడతాను. మధ్యాహ్నం పూట అన్నం సంగతి మెస్ కార్యదర్శి ఆలోచించాలి.