డిలే పెడలును, వింత ధ్వనులును

గిటారు నేర్చుకొను విద్యార్థుల యొద్ద డిలే పెడలను చిన్న పెట్టె యొకటి నేడు తరచుగా కనబడుచున్నది. ఇది కాలితో నొక్కి పనిచేయించు పరికరము. వాయించిన స్వరమును తనలో నిలుపుకొని, కొంత కాలము గడచిన పిమ్మట దానిని మరల వినిపించుట దీని పని. ఈ పెట్టెతో పిల్లలు తీయు వింత ధ్వనులను విని, "ఇది సంగీతమా, యంత్రపు రొదయా?" యని తలిదండ్రులు కొందరు ప్రశ్నించుచున్నారు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. సొమ్ము పెట్టి కొనువారు వారు. ఇంటిలో ఆ రొదను భరించువారును వారే. అయినను, పెట్టెను పిల్లల చేతినుండి లాగికొనుటకంటె, దాని మర్మమును వారికి నేర్పుటయే మేలని నా యభిప్రాయము.

తొలుత ఈ పని టేపుయంత్రములతో జరుగుచుండెను. ధ్వనిని టేపుపై నొకచోట నెక్కించి, టేపు కొంత దూరము జరిగిన పిమ్మట వేరొకచోట దానిని వినిపించెడివారు. 1969లో ఫిలిప్స్ పరిశోధనాలయమునందు సాంగ్‌స్టర్, టీర్ అను వారు బకెట్ బ్రిగేడ్ అను విధానమును కనిపెట్టిరి. ఇల్లంటుకొన్నపుడు జనులు వరుసగా నిలిచి నీళ్ల బిందెలను చేతినుండి చేతికి అందించునట్లు, ఇందు విద్యుదావేశము ఒక కెపాసిటరునుండి మరియొక కెపాసిటరునకు అందింపబడుచు పోవును. పిమ్మట ధ్వనిని అంకెలుగా మార్చి దాచు డిజిటల్ పెట్టెలు వచ్చినవి.

పెట్టెపై సాధారణముగా మూడు బుడిపెలుండును. ఒకటి ఆలస్యకాలమును, రెండవది మారుపలుకుల సంఖ్యను, మూడవది వాని బిగ్గదనమును మార్చును. వింత ధ్వనులలో పెక్కు ఈ మూటినుండియే పుట్టును.

మారుపలుకు మరల పెట్టెలోనికే పంపబడుచుండును. ప్రతిసారియు కొంత తగ్గుచు పోయినచో అది క్రమముగా అణగును. తగ్గనంతగా రెండవ బుడిపెను త్రిప్పినచో, అణగుటకు మారుగా పెరిగి, తీగను ముట్టకున్నను పెట్టె తానే హోరెత్తును. ఆ హోరు సాగుచుండగా ఆలస్యకాలమును తగ్గించినచో శ్రుతి పైకెక్కును; పెంచినచో దిగును. లోపల దాచిన ధ్వని మునుపటికంటె వేగముగనో, మెల్లగనో వెలువడుటయే దీనికి కారణము. 1997లో వెలువడిన రేడియోహెడ్ బృందమువారి 'కర్మ పోలీస్' పాట చివర వినబడు వింత ధ్వనిని ఎడ్ ఓబ్రయన్ ఈ విధముగనే పుట్టించెను.

ఆలస్యము 5 మిల్లీసెకనులకు దిగు పెట్టెలలో, మారుపలుకులు సెకనుకు 200 సారులు వచ్చుటచే, అవి విడివిడిగా వినబడక ఒక్క లోహనాదమై కలిసిపోవును. అప్పుడు తీగలను అరచేతితో నణచి గీకినను, ఆ గరగర శబ్దము శ్రుతిగల స్వరమువలె తోచును. మరియొక పద్ధతి కలదు. గిటారుపైనున్న శబ్దపు బుడిపెను మూసి తీగను మీటి, వెంటనే మెల్లగా తెరచినచో, మీటిన దెబ్బ వినబడదు. ఫిడేలుపై కమాను లాగినట్లు స్వరము మెల్లగా ఉబికి వచ్చి, తన మారుపలుకులలో కలిసిపోవును.

ఇవన్నియు రొదయే యనువారికి నా సమాధానమిది. వింత ధ్వని యొకసారి పుట్టుట గొప్ప కాదు. బుడిపెలను కన్నులు మూసికొని త్రిప్పినను అది పుట్టును. అది యేల పుట్టినదో చెప్పగలిగి, కోరినపుడు మరల పుట్టింపగలిగి, పాటలో తగినచోట నిలుపగలుగుటయే విద్య. 1970ల దశకమున జమైకాలో పాటలకు క్రొత్త రూపము నిచ్చిన కింగ్ టబ్బీ రేడియోలు మొదలగువానిని మరమ్మతు చేయు పనిలో ఆరితేరినవాడు. ప్రతిధ్వని యంత్రములను అతడు వాద్యములవలె వాడెను. యంత్రము లోపల నేమి జరుగుచున్నదో యెరిగినవాడగుటచేతనే అతనికది సాధ్యమయ్యెనని నా నమ్మకము.

మరియొక సంగతి. ఈ పెట్టె పిల్లల సోమరితనమును కప్పిపుచ్చునను భయము నిలువదు. నిమిషమునకు 120 దెబ్బల లయలో ఒక దెబ్బకు 500 మిల్లీసెకనులు. దానిలో ముప్పాతిక 375. ఆలస్యమును 375కు నిలిపి వాయించినచో, మారుపలుకులు దెబ్బల నడుమ పడి, ఒక్కరి వాయింపు ఇద్దరిదివలె వినబడును. కాని లయ యించుక తప్పినచో, ఆ తప్పును పెట్టె దాచదు సరిగదా, నాలుగైదుసారులు చాటిచెప్పును. ఇంత నిర్మొగమాటముగా దిద్దు గురువు అరుదు.

కావున, బాలబాలికలారా, పెడలు లేకుండ పాటను శుద్ధముగా వాయించుట మొదట నేర్చుకొనుడు. క్రొత్త ధ్వని దొరకినపుడు బుడిపెల స్థానములను పుస్తకములో గుర్తించుకొని, మరునాడు దానినే మరల తీయుడు. హోరెత్తించు ముందు ఆంప్లిఫైయరు శబ్దమును తగ్గించుడు. చెడిన స్పీకరును మార్చుకొనవచ్చును గాని, చెడిన చెవిని మార్చుకొనజాలము. ఉన్న పెట్టెలోని ధ్వనులన్నిటిని తీసి చూడనిదే రెండవ పెట్టెను అడుగవలదు.

తలిదండ్రులకు నా మనవి యొక్కటియే. "ఆ చప్పుడు ఆపుము" అనుటకు ముందు, "ఆ ధ్వని యెట్లు వచ్చినది?" యని యడుగుడు. కారణము చెప్పి, మరల తీసి చూపగలిగినచో, ఆ బిడ్డ కాలము వృథాపుచ్చుటలేదని తెలిసికొనుడు. చెప్పలేకపోయినచో, తెలిసికొని రమ్మని మా యొద్దకు పంపుడు.