యాప్ కంటే ముందు గడుల సంగతి తేల్చుకుందాం



మన సభ్యుల వివరాలన్నీ యాప్‌లో ఎక్కిస్తామని కుర్రవాళ్ళు ముందుకొచ్చారు. చాలా సంతోషం. తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర, యానాం, ఇన్ని చోట్ల ఉన్న మనవాళ్ళు ఒకే పట్టికలోకి వస్తారు. అయితే స్క్రీన్ రంగు గురించి జరిగినంత చర్చ, ఏ గడిలో ఏ రకం వివరం ఉండాలన్నదాని గురించి జరగడం లేదు. ముందు అది తేలాలని మేము అంటున్నాం.

సాఫ్ట్‌వేర్ వాళ్ళు దీన్ని టైప్ అంటారు. ఈ గడిలో అంకెలా, అక్షరాలా, తేదీనా, మనమిచ్చిన నాలుగు మాటల్లో ఒకటా అని ముందే కట్టడి చేయడం. యాప్‌లో సభ్యత్వం ఒక భాగం, చందా ఒక భాగం, పిల్లల స్కాలర్‌షిప్పు ఒకటి, ఆహ్వానాలు పంపేది ఇంకొకటి. ఒక భాగం ఇచ్చిన వివరాన్ని మరో భాగం అదే అర్థంలో తీసుకోవాలి.

రైల్వేలో పనిచేసినవాళ్ళం, మాకిది కొత్త కాదు. గూడ్స్ వ్యాగన్ మీద 11 అంకెలుంటాయి. మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాతి రెండు ఏ రైల్వేదో, ఆపై రెండు తయారైన సంవత్సరం, తర్వాతి నాలుగు దాని సొంత నంబరు. చివరి అంకె మిగతా పదింటినీ లెక్కకట్టి వేసేది. ఒక అంకె తప్పు రాస్తే అక్కడే పట్టుబడుతుంది. చూడ్డానికి ఒకే నంబరు, లోపల ఐదు గడులు.

కట్టడి తప్పితే ఏమవుతుందో 1996 జూన్ 4న చూశారు. ఐరోపా వాళ్ళ ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయాణంలో, సుమారు 40 సెకన్లకే దారి తప్పి పేలిపోయింది. పాత ఏరియన్ 4లో బాగా నడిచిన సాఫ్ట్‌వేర్ భాగాన్నే ఇందులోనూ పెట్టారు. అది 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల గడిలో పెట్టబోయింది. ఆ గడిలో 32,767 దాటితే పట్టదు. కొత్త రాకెట్ వేగం ఎక్కువ, సంఖ్య పట్టక పొర్లిపోయింది.

మన పట్టికలో రాకెట్లు పేలవు గానీ మనుషులు తప్పిపోతారు.

పేరు సంగతి చూడండి. తమిళనాట ఇనిషియల్ అంటే చాలావరకు తండ్రి పేరు. ఆంధ్రలో ఇంటిపేరు. మహారాష్ట్రలో ఇంటిపేరు చివర వస్తుంది. 'లాస్ట్ నేమ్' అని ఒక్క గడి పెడితే ఒకరు తండ్రి పేరు, ఒకరు ఇంటిపేరు రాస్తారు. రేపు ఇంటిపేరుతో బంధువులను వెతికితే ఏం దొరుకుతుంది? మూడూ వేరు వేరు గడులు కావాలి. ఇంటిపేరు తెలియనివాళ్ళు ఖాళీగా వదిలే వీలూ ఉండాలి.

యానాం పిన్ 533464. కాకినాడ పిన్ కూడా 533తోనే మొదలవుతుంది. పిన్ చూసి రాష్ట్రం నింపే యాప్ అయితే, పుదుచ్చేరికి చెందిన యానాం వాళ్ళందరినీ ఆంధ్రలో కలిపేస్తుంది. రాష్ట్రాన్ని విడిగా అడగాలి.

అన్నిటికంటే ముఖ్యం భాష. మేము తమిళ బడిలో చదివినవాళ్ళం. ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత తమిళం. మా తోటివాళ్ళలో తెలుగు లిపి నేర్చుకోనివాళ్ళు చాలామంది. 'భాష: తెలుగు' అన్న ఒక్క గడి చూసి తెలుగు లిపిలో పత్రిక పంపితే, చదవలేని అక్కయ్య దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఆమెకు 'తెలుగు రాదు' అని ముద్ర వేస్తే ఆ ఇల్లే మనకు దూరమవుతుంది. మాట్లాడే భాష ఒక గడి, చదివే లిపి ఇంకో గడి కావాలి. లిపులు ఒకటికి మించి ఎంచుకోనివ్వాలి.

ఇన్ని గడులు ఎవరు నింపుతారు, ఒక పెద్ద గడి పెట్టి ఎవరికి తోచింది వాళ్ళను రాయనిద్దాం అని కుర్రవాళ్ళు అంటున్నారు. అందులోనూ నిజముంది. తప్పనిసరి గడులు నాలుగైదు చాలు. కానీ కలిపి రాసినదాన్ని తర్వాత విడదీయడం కష్టం. ఆ ఇనిషియల్ తండ్రిదా, ఇంటిపేరుదా అన్నది ఏ కంప్యూటరూ చెప్పలేదు. ఆ మనిషినే మళ్ళీ అడగాలి. ఆ మనిషి అప్పటికి లేకపోతే?

ప్రతి ఊరి నుంచి ఒక పెద్దవారు, ఒక యువకుడో యువతో కూర్చుని గడుల జాబితా ముందు కాగితం మీద రాయండి. మీ ఊళ్ళో పేరు ఎలా రాస్తారో కింద చెప్పండి. అవన్నీ చూశాకే యాప్ పని మొదలుపెడదాం.