ఇంటింటి ఇంజనీరింగ్: రేడియేటరు ఫ్యాను మొర

గత సంచికలో ఇంటి నీళ్ల మోటారు గురించి ముచ్చటించుకొన్నాము. ఈ పర్యాయం మా ఇంటి ముంగిట జరిగిన ఒక ఉదంతాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఇందులో తప్పు మాదే కనుక చెప్పుకొనుటకు కొంత సంకోచం కలిగిన మాట నిజం. అయినను మన ఉద్యోగుల కుటుంబాలలో పాత వ్యాన్లు ఇంకను ఉన్నవి. మా పొరపాటు మరొకరికి పాఠమైతే అంతకన్న కావలసినదేమున్నది?

బిలాస్‌పూర్‌లో సీపత్ రోడ్డు వైపున్న లింగియాడీహ్‌లో మా నివాసం. రైల్వే కొలువుల కోసం ఏనాడో ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ఊరిలో నేటికీ ఉన్నవి. మా అత్తగారిది అట్టి కుటుంబమే. మా వద్ద 2006 నాటి మారుతి ఓమ్ని ఒకటి కలదు. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి, 1988లో ఓమ్నిగా పేరు మార్చుకొని, 2019లో తయారీ నిలిచిపోయిన బండి అది. 15 ఏళ్లు నిండినప్పుడు తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకొన్నాము. సెలవులలో వెనుక బల్ల పరచి, దానిపై పరుపు వేసి, చిన్న స్టవ్వు, మంచినీళ్ల క్యాను సర్దుకొంటే అదే మాకు కదిలే ఇల్లు. విదేశాలలో క్యాంపర్ వ్యాన్ అనెడి దానికి మా సంసారపక్షపు రూపం ఇది.

మా అత్తగారికి 78 ఏళ్లు. కార్తిక మాసంలో అమర్‌కంటక్ వెళ్లి, నర్మదా నది పుట్టిన చోటును కళ్లారా చూడవలెనని ఆమె కోరిక. ఆ ప్రయాణానికి సిద్ధమగుచుండగా బండి నుండి గరగరమని శబ్దం మొదలైనది. ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల కిందనే ఉంటుంది. అందువలన ఏ శబ్దమైనను మన కింది నుండి వచ్చినట్లే తోచును. ఒక మెకానిక్ విని వాటర్ పంపు పోయినదన్నాడు. మార్పించాము. డబ్బు పోయినది గాని గరగర పోలేదు. తరువాత తేలినదేమనగా, ఆ శబ్దం రేడియేటరు ఫ్యానుది. మా బావమరిది, “బావగారూ, కనెక్టరు పీకేస్తే పోలా? ఊళ్లో తిరగడానికి ఫ్యాను ఎందుకు?” అన్నాడు. ముప్పై ఏళ్లు యంత్రాలతో కాపురం చేసిన మేము ఆ మాట విన్నాము!

మూడవ నాడు సీపత్ రోడ్డు మీద లారీల వెనుక పావుగంట నిలిచిపోయాము. ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీతను దాటినది. ఆవిరి పైకి లేచినది. ఇంజను ఆపి, కంగారులో గుడ్డ పట్టుకొని రేడియేటరు మూతపై చెయ్యి వేయబోయాము. మా శ్రీమతి చెయ్యి పట్టి ఆపి, “ఏమండీ, మీ ప్లాంటులో ఎవరైనా ఇలా తెరిస్తే మీరు ఊరుకుంటారా?” అన్నది. ఆ మూత లోపలి ఒత్తిడిని నిలిపి ఉంచుట వలన నీరు 100 డిగ్రీలు దాటినను మరగకుండా ఉంటుంది. మూత వదులైన క్షణంలో ఒత్తిడి పడిపోయి, నీరు ఆవిరై ముఖంపైకి ఎగజిమ్ముతుంది. ఆనాడు మా ముఖం దక్కినది ఆమె వలననే. రోడ్డు పక్కన గంటసేపు వేచి, ఇంజను చల్లారిన పిమ్మటనే మూత తీసి నీరు పోశాము.

ఫ్యాను అవసరం ఎప్పుడన్న విషయం ఇక్కడ గ్రహించవలెను. బండి వేగంగా పోవునప్పుడు ఎదురుగాలియే రేడియేటరును చల్లబరచును. నిలిచినప్పుడు, మెల్లగా ఘాటు ఎక్కునప్పుడు ఆ గాలి ఉండదు. నీరు సుమారు 90 డిగ్రీలు దాటిన పిమ్మట థర్మో స్విచ్చి ఫ్యానును నడుపుతుంది. ఊరిలో ఫ్యాను అక్కరలేదనుట కేవలం తలకిందుల మాట. ఊరిలోనే దాని పని ఎక్కువ. నీరు మరిగి వేడి హద్దు మీరినచో అల్యూమినియం సిలిండరు హెడ్ వంకరపోవచ్చును. భూగర్భ గనిలో ప్రధాన ఫ్యాను మోత బాగులేదని దానిని ఆపివేసి, మనుషులను లోపలనే ఉంచు ఇంజనీరు ఉండునా? మేము మా బండికి చేసినది అదే.

ఆదివారం ఉదయం శాస్త్రోక్తంగా పరీక్షకు కూర్చొన్నాము. “పొద్దున్న బయలుదేరేటప్పుడు ఈ చప్పుడు ఉండదు, కూరగాయల దగ్గర ఆగినప్పుడే వస్తుంది” అని మా శ్రీమతి రెండు నెలలుగా చెప్పుచునే ఉన్నది. మేము పెడచెవిన పెట్టాము. రోగ నిర్ణయమంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నది. బెల్టు, ఆల్టర్నేటరు, వాటర్ పంపు ఇంజనుతోపాటు ఎల్లప్పుడు తిరుగును. వాటి శబ్దం చల్లని ఇంజనులోను వినిపించును, యాక్సిలరేటరు తొక్కిన కొలది మారును. మా బండిలో చల్లని ఇంజను ఎంత తొక్కినను గరగర లేదు. కొన్ని నిమిషాలకు ఫ్యాను అందుకొనగానే మొదలై, ఫ్యానుతోనే ఆగినది. శబ్దం ఇంజను వేగాన్ని గాక వేడిని అనుసరిస్తున్నది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ముందే చేసి ఉంటే వాటర్ పంపు సొమ్ము మిగిలెడిది.

రెండవ పరీక్ష: ఇంజను చల్లారిన పిమ్మట తాళం చెవి తీసి, ఫ్యాను కనెక్టరు విడదీయవలెను. కొన్ని బండ్లలో ఇంజను ఆపినను ఫ్యాను తనంత తానే తిరుగవచ్చును, కనుక కనెక్టరు తీయనిదే వేళ్లు లోపల పెట్టరాదు. పిమ్మట రెక్కను చేతితో తిప్పి చూడవలెను. తేలికగా తిరిగి మెల్లగా ఆగినచో మంచిది. పట్టిపట్టి తిరిగినను, అటూ ఇటూ కదిపినప్పుడు ఇరుసులో వదులు తెలిసినను మోటారు బుష్ అరిగినదని అర్థం. మా ఫ్యానులో వదులు స్పష్టముగా తెలిసినది. చుట్టూ ఉన్న కవచంపై ఒకచోట రెక్క రాసుకొన్న మెరుపు గీత కూడ కనిపించినది.

మూడవ పరీక్ష: ఫ్యూజు గల తీగతో బ్యాటరీ నుండి ఫ్యానుకు నేరుగా విద్యుత్తు ఇచ్చి, ఇంజను మోత లేకుండా దాని గొంతు ఒక్కటే వినుట. టకటకమని లెక్కగా వచ్చినచో రెక్కకు ఆకో, తీగో, కవచమో తగులుచున్నది. గరగరమన్నచో బుష్ లేదా బేరింగు. గొంతు బాగుండి బండి అంతా వణికినచో రెక్క విరిగి తూకం తప్పినది, లేదా బిగింపు రబ్బర్లు ఎండిపోయినవి. ఫ్యాను కదలక రిలే మాత్రమే టిక్కుటిక్కుమన్నచో వైరింగు, కనెక్టర్లు చూడవలెను. మోటారు పట్టివేయుట వలన ఫ్యూజు పోవుచున్నచో పెద్ద ఫ్యూజు గాని, రాగి తీగ గాని చుట్టరాదు; అది అగ్నిని ఆహ్వానించుటయే.

మేము కొత్త మోటారు వేశాము. బిగించిన పిమ్మట ఒక చిన్న కాగితం ముక్కను రేడియేటరు ముందు పట్టుకొన్నాము. ఫ్యాను వెనుక ఉండి గాలి లాగెడి బండ్లలో ఆ కాగితం రేడియేటరుకు అతుక్కొనవలెను. ఎగిరిపోయినచో మోటారు తీగలు తారుమారైనవని అర్థం. అట్టి ఫ్యాను శబ్దం లేకుండ తిరుగును గాని, చల్లబరచు పని సరిగా చేయదు.

కార్తికంలో రత్నపూర్, కెందా మీదుగా అమర్‌కంటక్ చేరాము. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. ఘాటు మలుపులలో ఫ్యాను రెండు మూడు మార్లు అందుకొన్నది; ముల్లు మధ్యలోనే నిలిచినది. అత్తగారు నర్మదా కుండం ఒడ్డున చాలాసేపు కూర్చొన్నారు. తిరుగు ప్రయాణంలో మా శ్రీమతి, “వెనుక తలుపు దగ్గర ఏదో కిర్రుమంటోంది” అన్నది. ఈ మారు మేము బండి ఆపి, “ఎప్పుడెప్పుడు వస్తున్నది?” అని అడిగాము.

వచ్చే సంచికలో పాత బండ్ల బ్యాటరీ సంరక్షణ గురించి ముచ్చటించుకొందాము.