నీనెవె నిజంగానే తలకిందులైంది

కొన్నేళ్ల క్రితం ఒక సంఘంలో కమిటీ ఎన్నికలకు ముందురోజు రాత్రి ఉపవాస ప్రార్థన జరిగింది. ఒక పెద్దాయన మోకరించి, ‘ప్రభువా, వాళ్ల ఆలోచనలన్నీ తలకిందులు చేయి, వాళ్లను పదవుల నుంచి పడదోయి’ అని కన్నీళ్లతో ప్రార్థించాడు. అందరూ ‘ఆమెన్‌’ అన్నారు. నేనూ గట్టిగానే అన్నాను. మర్నాడు మావాళ్లే గెలిచారు. కానీ ఆనాటి నుంచి రెండు కుటుంబాలు ఒకే బెంచీ మీద కూర్చోలేదు. ప్రభువు బల్ల దగ్గరికి కూడా వేర్వేరు వరుసల్లోనే వచ్చాయి. ఆ రెండు కుటుంబాల్లో ఒకటి మాది. నేను పలికిన ఆ ‘ఆమెన్‌’ నన్ను చాలాకాలం వెంటాడింది.

తలకిందులు చేయడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. కడిగిన గిన్నె బోర్లిస్తాం. మలుపులో లారీ బోల్తా పడుతుంది. ప్రభుత్వాన్ని కూలదోస్తారు. లెక్కలు తారుమారవుతాయి. పెనం మీది అట్టును తిరగేస్తాం. ఇవన్నీ వినడానికి దగ్గర మాటలే, ఫలితాలే వేరు. లారీ బోల్తా పడితే నష్టం, అట్టు తిరగేయకపోతే నష్టం! రైతు దుక్కి దున్నినప్పుడు పైమట్టి కిందికి పోతుంది, కిందిమట్టి పైకి వస్తుంది. దాన్ని ఎవరూ వినాశనమనరు, సేద్యమంటారు. కాబట్టి తలకిందులు కావడం మంచిదా చెడ్డదా అని అడిగితే సరిపోదు. ఎవరి చేతిలో, ఎందుకోసం తలకిందులైందన్నదే అసలు ప్రశ్న.

పాత నిబంధన మూలభాష అయిన హెబ్రీలో ‘హాఫక్‌’ అనే క్రియ ఉంది. తిప్పివేయడం, తలకిందులు చేయడం దాని అర్థం. సొదొమ గొమొర్రాలను దేవుడు పడదోసినప్పుడు వాడిన మాట అదే (ఆది 19:25). మోషే చేతికర్ర పాముగా మారడానికీ అదే మాట (నిర్గమ 7:15). బిలాము శాపాన్ని దేవుడు ఆశీర్వాదంగా మార్చడానికీ (ద్వితీ 23:5), సౌలు కొత్త మనిషిగా మారడానికీ (1 సమూ 10:6), ఏడుపు నాట్యంగా మారడానికీ (కీర్తన 30:11) అదే మాట. ఊళ్లను కూల్చే మాటే మనిషిని మార్చే మాట కూడా అయింది.

ఇది తెలిసి యోనా గ్రంథం చదివితే కళ్లు తెరుచుకుంటాయి. నీనెవె వీధుల్లో యోనా చేసిన ప్రసంగం హెబ్రీలో అయిదే అయిదు మాటలు. 40 రోజుల్లో నీనెవెకు ఈ ‘హాఫక్‌’ జరుగుతుందన్నదే దాని సారాంశం (యోనా 3:4). ఆ మాట పలికిన యోనా సొదొమకు పట్టిన గతే ఎదురుచూశాడు. పట్టణానికి తూర్పున పందిరి వేసుకొని ఏం జరుగుతుందోనని కూర్చున్నాడు కూడా! కానీ పట్టణంలో జరిగింది వేరు. రాజు సింహాసనం దిగి, రాజవస్త్రం తీసేసి, గోనెపట్ట కట్టుకొని బూడిదలో కూర్చున్నాడు (3:6). ఎవరూ పడదోయకముందే తానే దిగాడు. ప్రజలు బలాత్కారాన్ని విడిచిపెట్టాలని ఆజ్ఞాపించాడు. గోడలు నిలిచే ఉన్నాయి, మనుషులు తలకిందులయ్యారు. యోనా ప్రవచనం తప్పిపోలేదు, అతడు కోరిన అర్థంలో మాత్రం నెరవేరలేదు. అందుకే అతడు అలిగాడు. కుడియెడమలు తెలియని 1,20,000 కంటే ఎక్కువ మంది ఉన్న పట్టణం గురించి తాను చింతించవద్దా అని దేవుడు అడిగిన ప్రశ్నతో ఆ గ్రంథం ముగుస్తుంది. జవాబు మనమే చెప్పాలి.

అయితే కథ అక్కడితో ఆగలేదు. తర్వాతి తరాల నీనెవె రక్తపాతానికే పేరుపడింది. నహూము ప్రవక్త హెచ్చరించాడు. క్రీస్తు పూర్వం 612లో బబులోనీయులు, మాదీయులు ఆ పట్టణాన్ని కూల్చేశారు. ఇరాక్‌లోని మోసుల్‌లో, టైగ్రిస్‌ నది తూర్పు ఒడ్డున దాని శిథిలాలు నేటికీ ఉన్నాయి. మనసు తిరిగిన నీనెవె నిలిచింది, తిరగని నీనెవె కూలింది. ఆ మాటకున్న రెండు అర్థాలూ ఒకే పట్టణంలో నెరవేరాయి.

యేసుప్రభువు దేవాలయంలో రూకలు మార్చేవారి బల్లలు పడదోశాడు కదా అని కొందరంటారు. నిజమే, పడదోశాడు. కానీ ఆలయం పక్కనే రోమా సైనికుల కోట ఉన్నా, ఆయన దానిమీదికి వెళ్లలేదు. ముందు తన తండ్రి ఇంటినే శుద్ధి చేశాడు. బల్లలు తొలగిన ఆ ఆలయంలోనే గుడ్డివారు, కుంటివారు ఆయన దగ్గరికి వచ్చి బాగయ్యారు (మత్తయి 21:14). మన కమిటీ గొడవల తర్వాత ఆలయంలో ఎవరికి చోటు దొరుకుతోంది? కొత్తగా బాగుపడినవారు ఎందరు, మనసు విరిగి వెళ్లిపోయినవారు ఎందరు?

లోకాన్ని తలకిందులు చేసినవాళ్లన్న పేరు అపొస్తలులకు వచ్చింది థెస్సలొనీకలో (అపొ.కా. 17:6). దాన్ని మనం గొప్పగా చెప్పుకుంటాం. అది శత్రువులు మోపిన నేరమని మాత్రం మర్చిపోతాం. పౌలు అక్కడ చేసిందల్లా మూడు విశ్రాంతి దినాలు లేఖనాలతో తర్కించడమే. పట్టణంలో అల్లరి రేపింది నేరం మోపినవారే! అంతకుముందు దమస్కు దారిలో పౌలు తానే నేలమీద పడ్డాడు (9:4). తాను పడి లేచినవాడు కాబట్టే అతడు ఇతరులను పడదోయకుండా లేవనెత్తగలిగాడు.

ఎఫ్రాయిము తిరగేయని అప్పంలాంటిదని హోషేయ అన్నాడు (7:8). అక్కడా అదే ‘హాఫక్‌’. ఒకవైపు మాడి, రెండోవైపు పచ్చిగా ఉన్న అట్టును ఎవరు తింటారు? మన భక్తి కూడా చాలాసార్లు అంతే. ఆదివారం వైపు మాడిపోతుంది, సోమవారం వైపు పచ్చిగానే ఉంటుంది. అయితే ఎఫ్రాయిమును ఎలా విడిచిపెట్టగలనని దేవుడు వేదన పడినప్పుడు, తలకిందులైంది ఆ జనం కాదు, ఆయన హృదయమే (11:8). అక్కడా అదే మాట. సొదొమను పడదోసిన దేవుడు మనకోసం ఆ కుదుపును తన గుండెలోకే తీసుకున్నాడు. సిలువ మనకు చెప్పేదీ అదే.

కాబట్టి ప్రార్థనలో ఎదుటివారి పేరు చెప్పి ‘తలకిందులు చేయి ప్రభువా’ అనేముందు మన పేరు చెబుదాం. వారికోసం ప్రార్థించవలసి వస్తే యోనా ఆశతో కాదు, నీనెవెను ప్రేమించిన దేవుని మనసుతో ప్రార్థిద్దాం. సంఘంలో అన్యాయం జరిగితే నోరు మూసుకోమని కాదు. తప్పును తప్పనాల్సిందే, లెక్కలు అడగాల్సిందే. కానీ ఆ మనిషి పడిపోవాలని కోరేవాడు, దేవుడు చేసిన హెచ్చరికను తన పగకు వాడుకుంటున్నాడు.

గత క్రిస్మస్‌కు నేను ఆ రెండో కుటుంబం వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీయడానికి కాస్త ఆలస్యమైంది. అయినా తీశారు. ఆనాటి నా ‘ఆమెన్‌’కు క్షమించమని అడిగాను. ఎన్నికల్లో గెలిచిన రోజు దొరకని సంతోషం ఆ గుమ్మం దగ్గర దొరికింది.