పళ్లెము ముందుంచిన చాలునా?

1901వ సంవత్సరము నవంబరు మాసమున జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరపు వైద్యశాలలో ఆగస్టె డేటర్ అను 51 ఏండ్ల స్త్రీ మధ్యాహ్న భోజనము చేయుచుండెను. ఆమె తినుచున్నది కాలీఫ్లవరు, పంది మాంసము. ఏమి తినుచున్నావని డాక్టరు అడుగగా ఆమె "పాలకూర" అని చెప్పెను. డాక్టరు ఆ మాటను వ్రాసికొనెను. ఆయన పేరు ఆలోయిస్ అల్జీమర్. 1906లో ఆయన వర్ణించిన వ్యాధికి తరువాత ఆయన పేరే నిలిచినది. డిమెన్షియా యను మతిమరపు జబ్బులలో నేడు ఎక్కువ మందికి కలుగుచున్నది ఇదియే.

మతిమరపనగా పేరులు మరచుట, ఇంటి త్రోవ మరచుట అని లోకులు తలంతురు. ఎదుటనున్నది అన్నమని గుర్తింపలేకపోవుట కూడ అందులోనిదే. ఇంట నున్నంత కాలము అలవాటైన కంచము, రోజు వడ్డించువారి గొంతు ఆ లోపమును కొంత కప్పిపుచ్చును. ఆసుపత్రిలో ఇవి యుండవు. పనివాడు పళ్లెమును మంచము ప్రక్కన పెట్టి పోవును. అరగంటకు వచ్చి దాని నట్లే తీసికొనిపోవును. కేసు షీటులో "ఆకలి లేదు" అని వ్రాయబడును. అది తొందరపాటు మాట. ఆ ముసలివానికి కళ్లజోడు పెట్టినవారు లేరు. కట్టుడు పళ్లు డబ్బాలోనే యున్నవి. మూత యెట్లు తీయవలెనో జ్ఞప్తికి రాలేదు. ఆకలి యగుచున్నదని చెప్పుటకు మాట దొరకలేదు. మందు మ్రింగించితిమా లేదా యని సరిచూచుకొను ఆసుపత్రి, అన్నము విషయమున మాత్రము పళ్లెము ముందుంచుటతో తన పని తీరినదనుకొనుట న్యాయము కాదు. తిండి తగ్గినచో పుండు త్వరగా మానదు. నడచి వచ్చినవాడు మంచము పట్టును.

అన్నము కంటికి కనబడుటయు ముఖ్యమే. 2004లో అమెరికాలోని బోస్టను విశ్వవిద్యాలయ పరిశోధకులు, వ్యాధి ముదిరిన కొందరికి తెల్లని పాత్రలకు బదులు ఎర్రని పాత్రలలో ఆహారమిచ్చి చూడగా, వారు తిన్నది నాల్గవ వంతు వరకు పెరిగినది. పరీక్షింపబడినవారు కొలదిమందియే యైనను, అందలి సూచన తెలివైనది. తెల్లని పింగాణి పళ్లెములో పెరుగన్నము పెట్టినచో ఆ కండ్లకు రెండును ఒకటిగానే తోచవచ్చును. పచ్చని అరటియాకులో భుజించిన మన పెద్దలకు ఈ చిక్కు లేకుండెను!

తినిపించుట కూడ నేర్వవలసిన పనియే. మన యిండ్లలో ప్రేమకు కొదువ లేదు గాని ఓపికకు కొదువ కలదు. నిలువబడి, గడియారము చూచుచు, ఒక ముద్ద మ్రింగకముందే మరియొకటి అందింతురు. అన్నము గాలిగొట్టములోనికి పోయినచో న్యుమోనియా రావచ్చును. ఈ రోగులలో పలువురి ప్రాణములు తీయునది అదియే. రోగిని నిటారుగా కూర్చుండబెట్టి, తినిపించువారును ఎదుట కూర్చుండి, ఏమి పెట్టుచున్నారో చెప్పుచు చిన్న ముద్దలు పెట్టవలెను. మ్రింగిన పిమ్మటనే రెండవది. మగతలో నున్నవానికి పెట్టరాదు. దగ్గు వచ్చినచో ఆపి నర్సుకు చెప్పవలెను. తల త్రిప్పుకొనినచో బలవంతము చేయక కొంతసేపటికి మరల యత్నింపవలెను. వీలైనచో ముద్దను వారి చేతికే యిచ్చి, ఆ చేతిని మెల్లగా నోటివైపు నడుపుట మేలు. ఏండ్ల తరబడి అన్నము కలిపిన చేయి అది. మనస్సు మరచినను చేయి మరువకపోవచ్చును.

వార్డులో జనము చేరినచో అంటువ్యాధులు వ్యాపించునని, పనికి అడ్డమని ఆసుపత్రివారందురు. అందు నిజము లేకపోలేదు. ఐనను ఆ అడ్డు వలన కలుగు నష్టమును కూడ లెక్కింపవలెను. బ్రిటనులో ఈ వ్యాధితో నున్న జాన్ జెరార్డు అను వైద్యుడు 2014లో కాలిపుండ్లకై ఆసుపత్రిలో చేరెను. ఇంటివారి రాకపోకలు తగ్గింపబడినవి. ఐదు వారములకు ఆయన చిక్కి శల్యమై, నడువలేని స్థితిలో ఇల్లు చేరి, ఆ యేడే మరణించెను. రచయిత్రియైన ఆయన కుమార్తె నిక్కీ జెరార్డు, స్నేహితురాలు జూలియా జోన్సుతో కలసి, ఇట్టి రోగుల చెంత ఇంటివారు ఉండుట హక్కు కావలెనని ఉద్యమము నడిపెను. అక్కడి పలు ఆసుపత్రులు అందుకు సమ్మతించినవి.

భోజనవేళ ఒక్క మనిషికి పాసు ఇచ్చుటకు ఖర్చేమియు లేదు. రోగి యేమి ఇష్టముగా తినును, ఇంట ఏమని పిలుతురు అని చేర్చుకొనునపుడే అడిగి కేసు షీటులో వ్రాసికొనుటకు ఐదు నిమిషములు చాలును. ఇంటివారెవ్వరును లేని రోగి మాట వేరు. ఆయన ప్రక్క కూర్చుండుటకు జీతమిచ్చి మనిషిని పెట్టవలసినది ఆసుపత్రియే.