కంప్యూటరు మారితే కాగితం చెల్లకుండా పోవాలా?

ఏలూరు: కొత్త కంప్యూటరు వచ్చిందని కొబ్బరికాయ కొట్టిన ఆఫీసులో మర్నాడే గొడవ మొదలవుతున్నది. పాత కంప్యూటరులో నిక్షేపంలా ఉన్న తెలుగు ఉత్తరాన్ని కొత్తదానిలో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం కనబడదు. నెత్తిన చుక్కలు, కొమ్ములు తగిలించుకున్న ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య డాలరు గుర్తులు, శాతం గుర్తులు కుప్పపోసినట్లు దర్శనమిస్తాయి. ఒక్కొక్కప్పుడు అంకెలు మాత్రం బతికి బయటపడతాయి. ఫైలు పాడైపోయిందని గుమాస్తా, వైరసు పట్టిందని పక్క సీటువారు, మిషనే మంచిది కాదని మూడోవారు తలో మాటా అంటారు. నిజానికి ఫైలు పాడుకాలేదు, వైరసూ పట్టలేదు. ఆ ఉత్తరం టైపు చేసిన ఫాంటు కొత్త కంప్యూటరులో లేదు. సంగతి అంతే. కాని ఆ ‘అంతే’ వల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచిత మద్దతును 2025 అక్టోబరు 14తో ఆపివేసిన సంగతి విదితమే. పాత మిషన్లు చాలా వాటికి కొత్త విండోస్ పట్టదు. అందుచేత ఏలూరు పవర్‌పేటలోని జిరాక్సు షాపు మొదలుకొని తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులోని కమీషను దుకాణం వరకూ ఎవరో ఒకరు కంప్యూటరు మార్చక తప్పని రోజులివి. మార్చేవారు ఫోటోలు, లెక్కలు, బిల్లులు పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుంటున్నారు గాని, ఫాంట్ల మాట ఎవరికీ గుర్తు రావడం లేదు.

పరాయి కుర్చీల్లో మన అక్షరాలు

కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. ఏ అంకెకు ఏ బొమ్మ చూపాలో చెప్పేది ఫాంటు. తెలుగు డి.టి.పి. మన ఊళ్ళలో అడుగుపెట్టిన తొలి రోజుల్లో తెలుగుకంటూ వాడుకలో ఉన్న అంకెలు లేవు. అందుకని ఇంగ్లీషు అక్షరాల కుర్చీల్లోనే మన తలకట్లను, గుడులను, ఒత్తులను కూర్చోబెట్టారు. అను వారిది ఒక వరస, శ్రీలిపి వారిది మరొక వరస, సి-డాక్ వారిది ఇంకొక వరస. పత్రికలు మొదట్లో ఇంటర్నెట్టులోకి వచ్చినప్పుడు ఎవరి ఫాంటు వారిదే. ఒక ఫాంటులో దీర్ఘం కూర్చున్న కుర్చీలో మరో ఫాంటులో ఒత్తు కూర్చుని ఉంటుంది. ఫాంటును తీసివేస్తే కుర్చీకి అసలు యజమాని అయిన ఇంగ్లీషు అక్షరం మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. గుమాస్తా కంటపడిన కుప్ప అదే.

సీసపు అక్షరాల కాలంలో ఈ చిక్కు లేదు. ఏలూరు వెంకట్రామా అండ్ కో వారి పాఠ్యపుస్తకాలు చదువుకున్న పిల్లలు తెలుగు జిల్లాలంతటా ఉండేవారు. ఆ ఏలూరులో కంపోజిటరు ఒక అచ్చాఫీసు మాని మరో అచ్చాఫీసులో చేరితే, కేసులో అక్షరాల గళ్ళు ఎక్కడెక్కడున్నాయో చూసుకోవడానికి కొంత సమయం పట్టేదేమో గాని, ‘క’ తీస్తే ‘క’యే చేతికి వచ్చేది. అచ్చయిన కాగితం ఏ ఊరు పోయినా తెలుగులోనే ఉండేది. సీసం బరువు, చాకిరీ వదిలించుకున్నాం, మంచిదే. దానితోపాటు అక్షరానికి ఉన్న ఆ స్థిరత్వాన్ని కూడా వదిలించుకున్నామని అప్పట్లో ఎవరూ అనుకోలేదు.

కొల్లేటి కాగితాలు

దీనివల్ల ఎవరికి నష్టమని అడిగేవారికి కొల్లేటి లంక గ్రామంలోని ఒక మత్స్యకారుల సహకార సంఘాన్ని ఉదాహరణగా చూపవచ్చు. 1999లో 120వ నంబరు జీవోతో అయిదో కాంటూరు లోపలి సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2006లో చెరువుల గట్లు కొట్టివేశారు. 2008లో మూడో కాంటూరు వరకూ తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసింది. ఈ ప్రతి మలుపులోనూ లంక గ్రామాలవారు అర్జీలు పెట్టుకున్నారు, సంఘాలు తీర్మానాలు రాసుకున్నాయి, సర్వే నంబర్ల జాబితాలు తయారయ్యాయి. వీటిని ఏలూరులోనో, కైకలూరులోనో, ఆకివీడులోనో డి.టి.పి. షాపులో కూర్చుని టైపు చేయించుకోవడం అలవాటు. ఆ రోజుల్లో షాపు ఫాంటే సంఘం ఫాంటు.

ఇప్పుడు ఎవరో అధికారి వచ్చి ‘మీ పాత అర్జీ ప్రతి ఏది?’ అని అడుగుతారు. కాగితం ప్రతి తుపానుకో, ఉప్పుటేరు వెనక్కి తన్నిన ముంపుకో పోయింది. సి.డి. మాత్రం ఎవరి బీరువాలోనో దొరికింది. దాన్ని తెరిస్తే పైన చెప్పిన ఇంగ్లీషు కుప్ప. టైపు చేసిన షాపు మూతపడింది, చేసిన మనిషి ఏ హైదరాబాదుకో వెళ్ళిపోయాడు. తన గోడు తన భాషలోనే రాసుకున్నవాడు ఆ కాగితాన్ని తానే చదువుకోలేని స్థితిలో పడుతున్నాడు. ఇది ఎంతైనా శోచనీయం.

అలాగని కుప్పంతా పనికిరానిదని పారవేయనక్కరలేదు. ఏ ఫాంటుతో చేశారో తెలిస్తే దాన్ని మళ్ళీ తెలుగులోకి తేవచ్చు. వర్డ్‌లో ఆ కుప్ప మీద మౌసు పెట్టి నొక్కితే పైన పెట్టెలో ఫాంటు పేరు కనబడుతుంది. ఫాంటు కంప్యూటరులో లేకపోయినా పేరు ఫైలులో ఉంటుంది. చాలామందికి ఈ చిన్న సంగతి తెలియక పాత సి.డి.లు చెత్తబుట్ట పాలవుతున్నాయి.

యూనికోడ్ వచ్చాక కూడా

కుర్చీల గొడవను తీర్చింది యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు స్వంత అంకెలు కేటాయించారు. ‘అ’కు 3077, ‘క’కు 3093. ఏ దేశంలో, ఏ కంప్యూటరులో, ఏ ఫోనులో అయినా అవే. ‘క్క’ రాస్తే 3093, పొల్లుకు 3149, మళ్ళీ 3093 వరుసగా పడతాయి, ఒత్తు బొమ్మ గీయడం ఫాంటు చూసుకుంటుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే ఫాంటుతో తెలుగును తనలో కలుపుకున్నది. (గోదావరి పాయ పేరు పెట్టుకున్న ఫాంటు ఈ గడ్డ మీద ఇంకొంచెం ముందే అలవాటు కావలసింది.) తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన 2000, వేమన 2000 ఫాంట్లను తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. 2011–12 ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వమూ, సిలికానాంధ్రా కలిసి రామభద్ర, సూరన్న, ధూర్జటి, మండలి, గిడుగు, గురజాడ వంటి ఫాంట్లను ఉచితంగా అందుబాటులోకి తెచ్చాయి. కనుక యూనికోడ్‌లో మంచి ఫాంట్లు లేవనే సాకు ఎప్పుడో చెల్లిపోయింది.

అయితే యూనికోడ్‌తో అన్ని కష్టాలూ తీరాయనుకోవడం పొరపాటు. అక్షరం తెలుగులో ఉంటుంది, నిజమే. దాని రూపం, వెడల్పు, పంక్తి ఎత్తు మాత్రం ఫాంటును బట్టి మారతాయి. ఎక్స్‌పీ రోజుల్లో గౌతమిలో చేసిన ఫారం ఉన్నదనుకుందాం. విండోస్ 10 నుంచి గౌతమి, విండోస్ 7తో వచ్చిన వాణి, ఈ రెండూ దానంతట అవి రావడం లేదు. సెట్టింగులలో ‘ఐచ్ఛిక ఫీచర్ల’ జాబితాలోకి పోయి తెలుగు అనుబంధ ఫాంట్లను ఎంచుకుంటేనే దిగుతాయి. ఆ సంగతి తెలియనివారి కంప్యూటరు గౌతమి బదులు నిర్మల అనే ఫాంటును చడీచప్పుడు లేకుండా తెచ్చిపెడుతుంది. చూడటానికి తెలుగే. కాని రెండు పేజీల అర్జీ మూడో పేజీకి పాకుతుంది. సంతకం గీత ఒక్కటే కొత్త పేజీ ఎక్కి కూర్చుంటుంది. పట్టికలో పేరు ఒక గడిలో, ఊరు పక్క గడిలోకి జారినట్లు కనబడుతుంది. స్టాంపు కాగితం మీద కొలత పెట్టి అచ్చు వేసే దస్తావేజు లేఖరులకు ఇది ప్రాణసంకటం. పంక్తి స్టాంపు బొమ్మ మీదికి పోతే కాగితం ఖరీదు ఎవరిస్తారు?

షాపులవారి మాట

ఇందులో డి.టి.పి. షాపులవారిని తప్పుపట్టి ఊరుకోవడం సులువే గాని, వారి వాదనా వినవలసినదే. శుభలేఖ, కరపత్రం, దుకాణం బోర్డు — వీటికి కావలసిన హంగు, వంపుల అక్షరాలు పాత ఫాంట్లలోనే ఎక్కువ. వారు చేయి తిరిగిన పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు చేతకాదు. 2001లో వచ్చిన ఏడో వెర్షనే దానికి ఆఖరు, ఆ తరువాత అడోబ్ సంస్థ దాన్ని పెంచలేదు. ఇరవై ఏళ్ళుగా ఒకే మీటల వరస మీద కళ్ళు మూసుకుని టైపు చేసే మనిషిని రేపటి నుంచి ఇన్‌స్క్రిప్టులో కొట్టమంటే గంటపని పూట పని అవుతుంది. పూట కూలి మీద బతికేవారికి అది చిన్న కోత కాదు. అయితే అలవాటైన మీటలే నొక్కుతూ యూనికోడ్ అక్షరాలు పడేటట్లు చేసే ఉపకరణాలు ఇప్పుడు ఉన్నాయి. శుభలేఖను ఏ ఫాంటులోనైనా చేసుకోవచ్చు. పెళ్ళయిన మర్నాడు దానితో పనిలేదు. సంఘం తీర్మానం, బైలా, వాటాల పత్రం, గుడి కమిటీ లెక్క — ఇవి పదేళ్ళ తరువాత కూడా చదవవలసినవి. ఈ తేడాను షాపువాడు గుర్తించకపోయినా, డబ్బిచ్చి చేయించుకునేవాడు గుర్తించాలి.

జిల్లాలు విడిపోయినప్పుడు

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగింది. ఏలూరు కొత్త జిల్లాకు కేంద్రమైంది. తాడేపల్లిగూడెం పశ్చిమగోదావరిలోనే ఉండిపోగా, ఆ జిల్లా కేంద్రం భీమవరానికి మారింది. కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు, మండవల్లి, కలిదిండి, ముదినేపల్లి ఏలూరులో కలిశాయి. మనుషులకు బదిలీలైనట్లే ఫైళ్ళకూ అయ్యాయి. మచిలీపట్నం కంప్యూటరులో పుట్టినది ఏలూరు కంప్యూటరులో, ఏలూరులో పుట్టినది భీమవరంలో తెరుచుకోవలసి వచ్చింది. అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. తెలుగులో రాయండని అర్ధ శతాబ్దానికి పైగా చెబుతున్నాం. రాసిన తెలుగు పక్క జిల్లాలో చదవడానికి వీలుగా ఉండాలని అంతే గట్టిగా చెప్పినవారు అరుదు. ఒకే ఫాంటు, ఒకే సైజు, యూనికోడ్ తప్పనిసరి అని ఒక్క పేజీ సర్క్యులరు రెండు కలెక్టరేట్ల నుంచి వెలువడితే సరిపోయే పనికి పెద్ద పథకాలు అక్కరలేదు. ఫాంటు కూడా కొనే పని లేదు, పైన చెప్పిన ఉచిత ఫాంట్లలో ఏదో ఒకటి చాలు.

రిజిస్ట్రేషన్ శాఖలో 1998 నవంబరులో ‘కార్డ్’ పథకం మొదలైనప్పుడు దస్తావేజులను స్కాన్ చేసి బొమ్మలుగా దాచడం ప్రారంభించారు. బొమ్మకు ఫాంటు బెడద లేదు. అదే మార్గం అందరికీ చాలునని కొందరంటారు. కాని బొమ్మలో పేరు వెతకలేం. వెయ్యి పేజీల్లో ఒక సర్వే నంబరు కోసం కళ్ళు కాయలు కాచేలా చూసుకోవలసిందే. పి.డి.ఎఫ్. చేసి ఉంచడం మంచి అలవాటే. అందులో ఫాంటు కూడా ఇమిడిపోతుంది కనుక ఏ కంప్యూటరులోనైనా పేజీ కదలదు. అయితే పాత ఫాంటుతో చేసిన పి.డి.ఎఫ్. చూపుకు తెలుగే, లోపల మాత్రం ఆ ఇంగ్లీషు కుప్పే. అందులోని ముక్కను వేరేచోటికి ఎత్తి రాయబోతే బండారం బయటపడుతుంది. వర్డ్‌లో సేవ్ చేసేటప్పుడు ఫాంటును ఫైలులోనే పొదిగే సౌకర్యం ఉన్నది. ఐచ్ఛికాలలో సేవ్ అనేచోట ఒక గడిలో టిక్కు పెడితే చాలు. తయారుచేసినవారు అనుమతించిన ఫాంట్లకే అది వర్తిస్తుంది.

పాత ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఇంటర్నెట్టులో దొరుకుతున్నాయి. వాటిని గుడ్డిగా నమ్మరాదు. పాత ఫాంట్లు అక్షరాన్ని గాక దాని ముక్కలను దాస్తాయి. ‘ఘ’, ‘ఝ’ వంటి వాటిని రెండు ముక్కలు అతికించి చూపేవీ ఉన్నాయి. మార్చేటప్పుడు ఒత్తు ఒకచోట, తలకట్టు మరొకచోట పడవచ్చు. మధ్యలో నిజంగా ఇంగ్లీషులో ఉన్న మాటలు తెలుగు పిచ్చిరాతగా మారతాయి. ఒక మనిషి పేరులో ఒత్తు జారితే వారసత్వపు కేసులో ఏమవుతుందో వకీళ్ళకు చెప్పనక్కరలేదు. కాబట్టి మార్చిన ప్రతిని పాత ప్రతి పక్కన పెట్టుకుని ఒకరు చదవాలి, మరొకరు చూసుకోవాలి. పూర్వం అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినట్లే. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్.ఐ.టి. ఉన్నది. అక్కడి విద్యార్థులు సెలవుల్లో పది రోజులు పూనుకుంటే చుట్టుపక్కల సంఘాల, పంచాయతీల పాత ఫైళ్ళు ఎన్నో గట్టెక్కుతాయి. అడిగేవారు ఉంటే వారు కాదనరు.

ఈలోగా ఎవరికి వారు చేసుకోగలిగినది ఒకటున్నది. కొత్త మిషను వచ్చిన రోజే పాతదాన్ని పాతసామాన్లవాడికి తూకానికి అమ్మవద్దు. రెండు మూడు నెలలు మూల ఉంచి, ముఖ్యమైన ప్రతి ఫైలునూ అందులో తెరిచి కాగితం మీద ఒక ప్రతి తీయాలి. ఫాంటు పేరును ఆ కాగితం వెనకే రాసి పెట్టాలి. కొన్న ఫాంటు అయితే లైసెన్సు కాగితమూ జతచేయాలి. మార్చిన తెలుగును దిద్దడానికి అన్నింటికన్నా అక్కరకొచ్చే మనిషి మాత్రం పుస్తకంలో దొరకడు. పాత మీటల మీద ఆ ఫైలును మొదట టైపు చేసిన ఆపరేటరే. ఏలూరులోనూ, గూడెంలోనూ అటువంటివారు ఇంకా కొందరు షాపుల్లో కూర్చునే ఉన్నారు. వారి కళ్ళజోళ్ళ నంబరు మాత్రం ఏటేటా పెరుగుతున్నది.